పొగను ఒంటితో కొలవొద్దు

వెల్డింగ్ పొగ ఎంత చెడ్డదో తేల్చుకోవడానికి మన షాపుల్లో, షెడ్లలో వాడే కొలత ఒక్కటే, అది మన ఒళ్లు. దగ్గొస్తే పొగ ఘాటుగా ఉందంటాం, రాకపోతే ఫర్వాలేదంటాం. రాత్రికి చలిజ్వరం వస్తే ఆ పని చెడ్డది, పొద్దున్నే లేచి మామూలుగా పనిలోకి వెళ్లగలిగితే మంచిది. ఇరవై ఏళ్లు ఏమీ కాలేదంటే ఇక ముందూ ఏమీ కాదని ధీమా. ఈ కొలతను వెక్కిరించనక్కర్లేదు. చాలా ప్రమాదాల విషయంలో ఒళ్లు నిజమే చెబుతుంది. కాలితే మండుతుంది, కరెంటు తగిలితే జిల్లుమంటుంది, అద్దం లేకుండా ఆర్క్ చూస్తే ఆ రాత్రే కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయి. పొగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ కొలత తప్పుతుంది. కొంచెం తప్పడం కూడా కాదు, చాలాసార్లు తలకిందులుగా చూపిస్తుంది. పొగలోని లోహం ఏది, అది ఒంట్లో ఎక్కడ, ఎంత వేగంగా కరుగుతుంది అన్నవే హానిని నిర్ణయిస్తాయి. ఆ కరగడం మనకు తెలిసేలా జరగదు. కాబట్టి రక్షణ గురించిన నిర్ణయం ఆర్క్ కొట్టకముందే, చేతిలో ఉన్న లోహాన్నీ రాడ్డునూ చూసి తీసుకోవాలి. ఈ అధ్యాయంలో చెప్పదలచిన మాట ఇదే. మిగతాదంతా దానికి రుజువు.

ఇది కొద్దిమందికి సంబంధించిన విషయమూ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లు, బాలానగర్, జీడిమెట్ల ఫ్యాబ్రికేషన్ షెడ్ల కార్మికులు, విశాఖ నౌకల యార్డులో పనిచేసేవాళ్లు, గల్ఫ్ దేశాల చమురు ప్రాజెక్టుల్లో పైపులు అతికే మనవాళ్లు, ఊరి సెంటర్లో గ్రిల్స్ చేసే కుర్రాళ్లు అందరూ ఈ గాలే పీలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లో వెల్డింగ్ పొగను ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది’ అనే వర్గంలో పెట్టింది. 2017లో ఆధారాలన్నీ మళ్లీ పరిశీలించి ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుంది’ అని తేల్చి మొదటి వర్గంలోకి మార్చింది. వెల్డర్ అనే పేరుతో పనిచేసేవాళ్లు ప్రపంచంలో కోటీ పది లక్షల మంది ఉంటారనీ, మరో పదకొండు కోట్ల మంది పనిలో భాగంగా ఈ పొగకు గురవుతారనీ ఆ సంస్థ అంచనా. హోల్డర్ పట్టుకున్న మనిషితో పాటు ఉక్కు ముక్క పట్టుకుని నిలబడే హెల్పర్ కూడా ఈ లెక్కలోకి వస్తాడు.

పొగ ఎలా పుడుతుంది

పేరు పొగే అయినా కట్టెల పొగకూ దీనికీ పోలిక లేదు. ఆర్క్ దగ్గర వేడి కొన్ని వేల డిగ్రీలు. ఆ వేడికి రాడ్డు కొస కరగడంతో ఆగదు, కొంత లోహం మరిగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరి చుట్టూ ఉన్న చల్లగాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడి సన్నని రేణువులుగా మారుతుంది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో పదివేలో వంతు, చాలాసార్లు అంతకన్నా చిన్నది. అవి ఒకదానికొకటి అతుక్కుని గొలుసులు కట్టినా వాటిలో మైక్రాను దాటేవి తక్కువ. ముక్కులో, గొంతులో ఆగిపోయేది గ్రైండింగ్ ధూళి లాంటి పెద్ద రేణువులు. ఇవి అక్కడ ఆగవు, ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల దాకా వెళ్తాయి. రేణువు చిన్నదయ్యే కొద్దీ అదే బరువుకు దాని పైతలం పెరుగుతుంది. ఒక మైక్రాను రేణువును పదో వంతు సైజు ముక్కలు చేస్తే పైతలం మొత్తం పది రెట్లవుతుంది. కరగడం అనేది పైతలం మీదే జరిగే పని కాబట్టి, ఉక్కు ముక్కగా ఉన్నప్పుడు చేతికి ఏ హానీ చేయని లోహం పొగగా మారాక వేరే స్వభావం చూపిస్తుంది.

ఇక్కడ మరో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, పొగలో సుమారు తొంభై శాతం రాడ్డు లేదా వైరు నుంచి వస్తుంది. ప్లేటు నుంచి వచ్చేది తక్కువ. ప్లేటు మీద జింకు పూతో పెయింటో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. అందుకే రాడ్డు ప్యాకెట్టు మీద ఉన్నది చదవడం పనిలో భాగం. రెండోది, తక్కువ వేడికే మరిగే లోహం పొగలోకి ఎక్కువగా చేరుతుంది. జింకు 907 డిగ్రీల దగ్గర, మాంగనీసు సుమారు 2060 డిగ్రీల దగ్గర, ఇనుము సుమారు 2860 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఉక్కులో మాంగనీసు ఒకటి రెండు శాతమే కదా అని సరిపెట్టుకోవడం ఇందుకే పొరపాటు. పొగలో దాని వాటా ఉక్కులో ఉన్నదానికన్నా ఎక్కువ.

ఒంట్లో కరిగే చోట్లు రెండు

గాలి గదుల గోడల మీద పలుచని తేమ పొర ఒకటి ఉంటుంది. దాని పీహెచ్ 7.4 దగ్గర, అంటే పులుపు లేని ద్రవం. నీళ్లలో తేలిగ్గా కరిగే లోహ లవణాలు ఈ పొరలోనే కరిగిపోతాయి. వాటికి పట్టేది నిమిషాలు, గంటలు. అక్కడ కరగని రేణువులను మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలు మింగుతాయి. మింగిన రేణువును లోపల ఒక ఆమ్లపు సంచిలో బంధిస్తాయి. ఆ సంచి పీహెచ్ 4.5కూ 5కూ మధ్య ఉంటుంది. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, బయటి తేమకన్నా ఈ సంచి కొన్ని వందల రెట్లు పుల్లన. సూక్ష్మజీవులను చంపడానికి ఒళ్లు చేసుకున్న ఏర్పాటు ఇది. లోహపు రేణువు లోపలికి వెళ్లినప్పుడు ఈ ఏర్పాటే ఎదురు తిరుగుతుంది. బయట కరగని లోహం ఇక్కడ కరిగి, అయాన్లు కణం లోపలే విడుదలవుతాయి. పరిశోధకులు ఈ రెండు చోట్లనూ ప్రయోగశాలలో విడివిడిగా తయారుచేసుకుంటారు. ఊపిరితిత్తుల తేమను పోలిన గాంబుల్ ద్రావణం ఒకటి, కణం లోపలి ఆమ్లాన్ని పోలిన కృత్రిమ లైసోజోమ్ ద్రవం మరొకటి. అదే పొగను రెండింటిలో వేసి చూస్తే చాలా లోహాలు రెండో దానిలోనే ఎక్కువగా కరుగుతాయి. దీన్నిబట్టి పొగలోని లోహాలకు మూడు దారులు కనిపిస్తాయి. కొన్ని తేమలోనే వెంటనే కరుగుతాయి, కొన్ని కణం మింగాక కరుగుతాయి, కొన్ని దాదాపు కరగకుండా నెలలు, ఏళ్లు ఉండిపోతాయి. ఏ దారిలో పోయే లోహం ఎంత చప్పుడు చేస్తుందో, ఎంత హాని చేస్తుందో పక్కపక్కన పెట్టి చూస్తే మన పాత కొలత ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది.

చప్పుడు ఒకటి, హాని ఒకటి

జీఐ పైపులతో మొదలుపెడదాం. జింకు పూత మండితే లేచే తెల్లని పొగ జింకు ఆక్సైడ్. ఇది తేమ పొరలో అంతగా కరగదు గానీ మాక్రోఫేజ్ లోపలి ఆమ్లంలో వేగంగా కరిగిపోతుంది. ఒక్కసారిగా విడుదలైన జింకుకు కణాలు గగ్గోలు పెట్టి జ్వరం తెప్పించే రసాయనాలను వదులుతాయి. నాలుగు నుంచి పది గంటల తర్వాత, అంటే ఎక్కువగా ఇంటికి చేరాక, నోట్లో లోహపు రుచి, దాహం, వణుకు, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. దీనికి సోమవారం జ్వరం అని కూడా పేరుంది. వారమంతా పొగ పీలుస్తుంటే ఒళ్లు కొంత అలవాటు పడుతుంది, ఆదివారం సెలవుతో ఆ అలవాటు పోతుంది, సోమవారం మళ్లీ జ్వరం. మనకు బాగా తెలిసిన పొగ జబ్బు ఇదే, ఎక్కువ భయపెట్టేదీ ఇదే. కానీ జింకు ఒంటికి పరిచయమున్న లోహం. దాన్ని సర్దుకుని బయటికి పంపే దారులు ఒంటికి తెలుసు. అన్నిటికన్నా ఎక్కువ గోల చేసే లోహం, ఎక్కువకాలం ఉండిపోని లోహాల్లో ఒకటి.

ఇప్పుడు జింకు స్థానంలో కాడ్మియం పెట్టి చూడండి. ఏసీ, ఫ్రిజ్ పనుల్లో సిల్వర్ బ్రేజింగ్‌కు వాడే కొన్ని రాడ్లలో కాడ్మియం ఉంటుంది. తుప్పు పట్టకుండా కొన్ని బోల్టులకు దాని పూత వేస్తారు. మొదటి కొన్ని గంటల్లో లక్షణాలు జింకు జ్వరంలాగే ఉంటాయి. రేపటికి తగ్గుతుందిలే అని పడుకున్న మనిషికి తగ్గకపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం పోయిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నాయి. మోతాదు తక్కువైతే ప్రాణాపాయం తప్పుతుంది గానీ, కరిగిన కాడ్మియం మూత్రపిండాల్లో చేరి కూర్చుంటుంది. చేరినదానిలో సగం పోవడానికి పది నుంచి ముప్ఫై ఏళ్లు పడుతుంది. యూరోపియన్ యూనియన్ 2011లో బ్రేజింగ్ రాడ్లలో దీని వాడకాన్ని నిషేధించింది. ఒంటికి తెలిసిన లక్షణం రెండుసార్లూ ఒకటే, లోహాలు వేరు, ఫలితాలు వేరు. ఒంటిని మాత్రమే అడిగినవాడికి ఈ తేడా తెలిసే మార్గమే లేదు.

ఇనుము కథ దీనికి భిన్నం. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) వెల్డింగ్ పొగలో ఎక్కువ భాగం ఇనుప ఆక్సైడే. అది తేమలో కరగదు, ఆమ్లపు సంచిలోనూ చాలా నెమ్మదిగానే కరుగుతుంది. అందుకే ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. డాయిగ్, మెక్‌లాఫ్లిన్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు 1936లోనే వెల్డర్ల ఎక్స్‌రేల్లో చుక్కచుక్కలుగా కనిపించే నీడలను వర్ణించారు. దీన్ని సిడరోసిస్ అంటారు. ఫిల్ము చూస్తే గుండె జారిపోతుంది. కానీ ఆ చుక్కలు చాలావరకు ఇనుము ఎక్స్‌రేను అడ్డుకోవడం వల్ల కనిపించేవే. పొగకు దూరమైన కొందరిలో ఏళ్ల తరబడి నెమ్మదిగా అవి పలచబడిపోవడాన్ని ఆ వైద్యులే తర్వాత గమనించారు. చూపుకు ఇంత భయంకరంగా ఉన్న ఇనుము ఊపిరి తీసే శక్తిని ఆ నీడల స్థాయిలో తగ్గించదు. ఎక్స్‌రేలో కనిపించేది కరగకుండా మిగిలిన లోహం మాత్రమే. కరిగి రక్తంలోకి పోయినది ఏ ఫిల్ములోనూ కనిపించదు.

అలా కనిపించకుండా పోయేవాటిలో ముందు చెప్పుకోవలసింది ఎస్‌ఎస్ రాడ్డు పొగలోని హెక్సావాలెంట్ క్రోమియం. స్టెయిన్‌లెస్ స్టీలును 308ఎల్ లాంటి పూత రాడ్డుతో అతికినప్పుడు, ఆ పూతలోని సోడియం, పొటాషియం ఆవిరైన క్రోమియంతో కలిసి క్రోమేట్ లవణాలవుతాయి. ఇవి నీళ్లలో తేలిగ్గా కరుగుతాయి, ఆమ్లం కోసం ఆగవు. క్రోమేట్ అయాను ఆకారంలో సల్ఫేటునూ ఫాస్ఫేటునూ పోలి ఉండటంతో, వాటికోసం కణాలు తెరిచి ఉంచే ద్వారాల గుండానే లోపలికి వెళ్లిపోతుంది. లోపల అది ట్రైవాలెంట్ క్రోమియంగా మారుతుంది. మారే క్రమంలోనే డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. అదే మార్పు కణం బయట, తేమలో ఉన్న విటమిన్ సీ లాంటి పదార్థాల వల్ల జరిగితే మేలే. ఎందుకంటే ట్రైవాలెంట్ క్రోమియం కణంలోకి సులువుగా దూరలేదు. కానీ ఆ బయటి రక్షణకు ఒక హద్దుంది. రక్తంలోకి చేరిన హెక్సావాలెంట్ క్రోమియం ఎర్రకణాల్లో దూరి, మారి, బయటికి రాలేక ఆ కణం బతికినన్నాళ్లూ, అంటే సుమారు 120 రోజులు, అక్కడే చిక్కుకుంటుంది. అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధన చేసే నియోష్ సంస్థ శాస్త్రవేత్తలు మూడు రకాల పొగలను ఎలుకల మీద పోల్చి చూశారు. గ్యాస్ రక్షణతో, వైరుతో చేసే మిగ్ వెల్డింగ్ పొగలు నీళ్లలో దాదాపు కరగలేదు. ఎస్‌ఎస్ పూత రాడ్డు పొగ బాగా కరిగింది, కరిగిన భాగంలో ఎక్కువది క్రోమియమే. ఊపిరితిత్తులకు ఎక్కువ గాయం చేసిందీ అదే. ఇంత జరిగినా ఆ రాత్రి జ్వరం రావలసిన పని లేదు, ఎక్స్‌రేలో చుక్క పడదు. క్యాన్సర్ వస్తే దశాబ్దాల తర్వాత వస్తుంది.

మాంగనీసు ఇంకో తీరు. ఇది ఎంఎస్ పొగలోనూ ఉంటుంది కాబట్టి గ్రిల్ షాపు కుర్రాడి నుంచి ఓడల యార్డు నిపుణుడి దాకా అందరికీ సంబంధించినదే. ఊపిరితిత్తుల్లో అంతగా ఇబ్బంది కనిపించదు. కొంత కొంతగా కరిగి రక్తంలోకి చేరి, అక్కడి నుంచి మెదడులో కదలికలను నియంత్రించే భాగాల్లో పేరుకుంటుంది. 1837లోనే జాన్ కూపర్ అనే వైద్యుడు స్కాట్లండ్‌లో మాంగనీసు ఖనిజాన్ని పొడి చేసే కార్మికుల నడక తడబడటాన్ని, మాట సన్నగిల్లడాన్ని రాసి పెట్టాడు. పార్కిన్‌సన్స్ జబ్బును తలపించే ఈ స్థితికి ఆ జబ్బుకిచ్చే లెవోడోపా మందు సాధారణంగా సరిగా పనిచేయదు. 2017లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 886 మంది అమెరికన్ వెల్డింగ్ కార్మికులను ఏళ్ల తరబడి గమనించింది. మాంగనీసు ఎంత ఎక్కువ పీలిస్తే కదలికల మందగింపు అంత వేగంగా ముదురుతోందని చెప్పింది. స్వీడన్, డెన్మార్క్ జాతీయ రికార్డుల మీద జరిగిన అధ్యయనాల్లో వెల్డర్లలో పార్కిన్‌సన్స్ జబ్బు పెరిగినట్టు కనిపించలేదన్నదీ నిజమే. రెండూ పొసగనివేమీ కావు. ఆసుపత్రిలో పార్కిన్‌సన్స్ అని పేరు పెట్టేంత జబ్బు ఒకటి, చేతివేళ్ల చురుకు తగ్గడం, అడుగు నెమ్మదించడం వేరొకటి. చేతి పనితనం మీద బతికేవాడికి రెండోదీ చిన్న నష్టం కాదు.

వచ్చే అభ్యంతరాలు

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వేయవచ్చు. ఐరన్, జింకు మాత్రలు డాక్టర్లే రాస్తారు, మాంగనీసు మనం తినే ధాన్యంలోనే ఉంది, మరి అవే పొగలో ఉంటే తప్పేమిటి? తేడా దారిలో ఉంది. తిన్న మాంగనీసులో పేగు లోపలికి రానిచ్చేది కొద్ది శాతమే. వచ్చినదాన్ని ముందు కాలేయం చూస్తుంది, ఎక్కువైనదాన్ని పిత్తంతో తిరిగి పేగులోకి వదిలేస్తుంది. పీల్చినదానికి ఈ రెండు తనిఖీలూ ముందు ఎదురుకావు. ఊపిరితిత్తుల్లో కరిగిన లోహం గుండెకు, గుండె నుంచి నేరుగా మెదడుకూ మిగతా ఒంటికీ వెళ్తుంది. కాలేయం వంతు ఆ తర్వాత వస్తుంది.

రెండో అభ్యంతరం మన దగ్గర మరీ ఎక్కువ. పనయ్యాక బెల్లం ముక్క తింటే, పాలు తాగితే పొగ కొట్టుకుపోతుందని నమ్మకం. దీనికి ఆధారమే లేదని చెప్పడం సరికాదు. లక్నోలోని కేంద్ర ప్రభుత్వ విషశాస్త్ర పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 1994లో, బొగ్గు, సిలికా ధూళిని ఊపిరితిత్తుల్లోకి ఎక్కించిన ఎలుకలకు బెల్లం ఇస్తే రేణువులు ఊపిరితిత్తుల నుంచి కదలడం మెరుగైందని ప్రచురించారు. అయితే అది ఎలుకల మీద జరిగింది, అదీ కరగని ధూళితో. ఈ అధ్యాయం మాట్లాడుతున్నది కరిగే లోహం గురించి. క్రోమేట్ తేమలో కరిగి కణంలోకి వెళ్లిపోయాక బయటికి నెట్టడానికి రేణువంటూ మిగలదు. పాలు వెళ్లేది కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు. బెల్లం తినండి, పాలు తాగండి, ఆహారంగా మంచివే. వాటిని మాస్కుకు బదులుగా లెక్కపెట్టవద్దు.

గల్ఫ్ మెడికల్‌లో ఎక్స్‌రే క్లియర్ అని వచ్చింది కాబట్టి భయం లేదనేది ఇంకో మాట. ఆ పరీక్ష ప్రధానంగా క్షయ లాంటి జబ్బుల కోసం. కరిగిపోయిన లోహం దానిలో కనిపించదని ముందే చూశాం. మూత్రంలో క్రోమియం, నికెల్ కొలిస్తే కరిగినదాని జాడ తెలుస్తుంది గానీ, అది ఎక్కువగా ఇటీవల పీల్చినదానికే లెక్క. ఒకటి కరగనిదాన్ని చూపిస్తుంది, ఇంకొకటి నిన్నమొన్న కరిగినదాన్ని చూపిస్తుంది. పాతికేళ్ల మొత్తాన్ని ఈ రెండూ చూపించవు.

మా గురువు నలభై ఏళ్లు మాస్కు లేకుండా చేశాడు, రాయిలా ఉన్నాడంటారు. ఉండవచ్చు. కానీ షాపులో మనకు కనిపించేది నలభై ఏళ్లు నిలబడగలిగినవాళ్లే. ఊపిరి ఆడక పదేళ్లకే మానేసి ఊరెళ్లినవాడు ఆ లెక్కలో ఉండడు. మిగిలినవాళ్లను మాత్రమే చూసి పని ఆరోగ్యకరమని తేల్చే పొరపాటును వైద్య గణాంకవేత్తలు ఎప్పుడో గుర్తించారు. సిగరెట్ తాగేవాళ్లకే జబ్బులనే వాదనా నిలబడదు. పొగాకు ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా వెల్డర్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మిగిలే ఉందని 2017 నిర్ణయం చెప్పింది. సిగరెట్ ఆ ముప్పును పెంచుతుంది, దాన్ని కప్పిపుచ్చదు.

అన్నిటికన్నా పదునైన అభ్యంతరం నా వాదన మీదే వేయవచ్చు. కరిగే లోహమే చెడ్డదైతే, కరగని ఇనుము పొగ పీల్చేవాడు హాయిగా ఉండొచ్చా? ఉండకూడదు. క్రోమియం, నికెల్ దాదాపు లేని ఎంఎస్ వెల్డర్లలోనూ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు ఆధారాలున్నాయి. కరగని రేణువు ఉన్నచోటే వాపును రగిలిస్తూ ఉండగలదు. బ్రిటన్ మరణాల రికార్డుల్లో పనిచేసే వయసు వెల్డర్లలో న్యుమోనియా మరణాలు ఎక్కువగా కనిపించాయి. పని మానేసిన వయసువాళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన ఇనుము సూక్ష్మజీవులకు పోషకంగా పనికొస్తుందన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి. అందుకే అక్కడ వెల్డర్లకు న్యుమోకోకల్ టీకా సిఫారసు చేస్తారు. కరగడం గురించి తెలుసుకుంటే హాని ఎక్కడ, ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందో తెలుస్తుంది. ఏ పొగకూ అది మంచి సర్టిఫికెట్ ఇవ్వదు.

బరువు లెక్క చాలదు

చట్టం పెట్టిన కొలత కూడా ఒంటి కొలతలాగే కొంత గుడ్డిది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో వెల్డింగ్ పొగకు పెట్టిన హద్దు ఘనమీటరు గాలిలో 5 మిల్లీగ్రాములు. అది మొత్తం పొగ బరువు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2006లో హెక్సావాలెంట్ క్రోమియంకు పెట్టిన హద్దు 5 మైక్రోగ్రాములు, అంటే సరిగ్గా అందులో వెయ్యో వంతు. ఎస్‌ఎస్ రాడ్డు పొగ మొత్తం బరువులో హద్దులోపలే ఉండి, క్రోమియం విషయంలో ఎన్నో రెట్లు దాటగలదు. అదే షెడ్యూలులో మాంగనీసు పొగకు పెట్టిన హద్దు 1 మిల్లీగ్రాము. అమెరికాలోని వృత్తి ఆరోగ్య నిపుణుల సంఘం 2013లో లోతుగా పోయే సన్న రేణువుల మాంగనీసుకు సూచించిన విలువ 0.02 మిల్లీగ్రాములు. బరువు ఒక్కటే చూసే కొలత, లోహం పేరు అడగని కొలత, పనిచేసేవాణ్ణి పూర్తిగా కాపాడలేదు.

ఆర్క్ కొట్టకముందు

అందుకే పని మొదలుపెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకోండి. ఏ లోహం, దాని మీద ఏ పూత? ఏ రాడ్డు, ఏ పద్ధతి? గాలి ఎటు పోతోంది? మొదటి ప్రశ్నకు జవాబు జీఐ అయితే, అతికే చోటుకు రెండువైపులా రెండు నుంచి నాలుగు అంగుళాల మేర జింకు పూత తీసేయండి. గ్రైండర్‌తో తీస్తే అప్పుడూ మాస్కు ఉండాలి. బంగారు రంగు పూత ఉన్న బోల్టో, పేరు తెలియని బ్రేజింగ్ రాడ్డో అయితే, కాడ్మియం లేదని తేలేదాకా మంట పెట్టకండి. రెండో ప్రశ్నకు జవాబు ఎస్‌ఎస్ పూత రాడ్డు అయితే, అదే పని టిగ్ ఆర్గాన్‌తోనో మిగ్‌తోనో అవుతుందేమో చూడండి. కరిగే క్రోమియం వాటిలో బాగా తక్కువ. ఆర్గాన్‌లో పొగ తక్కువైనా ఓజోన్ వాయువు పుడుతుంది కాబట్టి గాలి ప్రసారం అక్కడా కావాలి. రాడ్డు మార్చడం మీ చేతుల్లో లేకపోతే కరెంటు అవసరమైన మేరకే పెట్టండి. ఆంపియర్లు పెరిగితే పొగ పెరుగుతుంది.

మూడో ప్రశ్న దగ్గర ఎక్కువమంది డబ్బు వృథా చేస్తారు. పొగ లాగే గొట్టాన్ని దూరంగా, గోడకు పెట్టి ఫ్యాన్ తిరుగుతోంది కదా అనుకుంటారు. దీపాన్ని మూరెడు దూరం నుంచి ఊది ఆర్పగలం, అదే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పలేం. లాగే గాలి బలం అంత త్వరగా పడిపోతుంది. గొట్టం మూతి వెడల్పు ఎంతో అంత దూరం వెళ్లేసరికి గాలి వేగం సుమారు పదో వంతుకు దిగిపోతుంది. కాబట్టి గొట్టం మూతిని ఆర్క్ పక్కనే పెట్టి, పని జరిగే కొద్దీ జరుపుతూ ఉండాలి. గొట్టం లేకపోతే కనీసం తలను పొగ పైకి లేచే దారిలోంచి తప్పించండి, గాలి మీ పక్క నుంచి వచ్చి పొగను అవతలికి తీసుకుపోయేలా నిలబడండి. ఆరుబయట పనికి ఏమీ అక్కర్లేదనుకోవద్దు. వంగి చేసే పనిలో పొగ చెదరకముందే ముక్కు దాటుతుంది. 2019లో బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ ఎంఎస్ పొగతో సహా అన్నిటికీ నియమాలు బిగించినప్పుడు, ఆరుబయట వెల్డింగ్‌కు కూడా తగిన మాస్కు ఉండాలని స్పష్టం చేసింది. షెడ్డు తలుపులు తెరిచి ఉంచడం ఒక్కటే చాలదని కూడా చెప్పింది.

మాస్కు చివరి రక్షణ, కానీ మనలో చాలామందికి మొదట అందేదీ అదే. ముక్కుకు కట్టుకునే కర్చీఫ్ ఈ రేణువులను ఆపదు, వెల్డింగ్ షీల్డ్ వెలుగును ఆపుతుంది గానీ పొగను ఆపదు. ఎన్95 లేదా అంతకు మించినది, షీల్డు కింద పట్టేది, ముఖానికి చుట్టూ అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే అంచుల నుంచి పొగ లోపలికి వస్తుంది. ఓజోన్ లాంటి వాయువులను ఇది ఆపలేదని గుర్తుపెట్టుకోండి. ట్యాంకు లోపల, పైపు లోపల, ఓడ అడుగున చేసే పనికి ఇలాంటి మాస్కు చాలదు. అక్కడ బయటి నుంచి గాలి అందించే ఏర్పాటు, బయట కాపలా మనిషి లేకుండా దిగవద్దు. చేతులు కడగకుండా అన్నానికి కూర్చోవద్దు, పని బట్టలతో ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్తే జ్వరం, దగ్గు అని మాత్రమే చెప్పకండి. ఏ లోహం, ఏ రాడ్డు, ఎన్నేళ్లుగా అన్నది చెప్పండి. బ్రేజింగ్ చేసిన రోజు రాత్రి ఛాతీ బిగిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇవన్నీ ఖర్చు, ఆలస్యం అనే మాట మేస్త్రీ నుంచో కాంట్రాక్టరు నుంచో వస్తుంది. దానికి జవాబుగా జాలి కథలు చెప్పనక్కర్లేదు. ప్యాకెట్టు చదవడానికి, పూత తీయడానికి, తల పక్కకు జరపడానికి పట్టేది నిమిషాలు. మాంగనీసు విషప్రభావం చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉందన్న సంగతి వాళ్లకు గుర్తుచేయవచ్చు. రాడ్డు ప్యాకెట్టుతో పాటు ఇవ్వాల్సిన భద్రతా పత్రాన్ని అడగవచ్చు. అడిగేవాడు ఒక్కడైతే గొడవ చేస్తున్నాడంటారు, పదిమంది అడిగితే అది షాపు పద్ధతి అవుతుంది. హెల్పర్‌గా చేరిన కుర్రాడికి మొదటి రోజు టాకా వేయడం నేర్పే ముందు ఈ మూడు ప్రశ్నలు నేర్పండి. రేపు మీరు మొదట తెరిచే రాడ్డు ప్యాకెట్టు మీద ఏమి రాసి ఉందో చదివాకే హోల్డర్ పట్టుకోండి.